చెవికి అందే వాక్యం: కృష్ణా డెల్టాలో వినికిడి ద్వారా ఇంగ్లీషు పదక్రమం, నుడికారం

ప్రవేశిక

కృష్ణా డెల్టాలో ఇంగ్లీషు చదువు పాతదే. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లోనే ఇంగ్లీషు బడి పెట్టాడు. అయినా మన తరగతి గదుల్లో ఈ భాష ఎక్కువగా కంటితో నేర్చుకునేదిగానే ఉండిపోయింది: పాఠం చదవడం, వ్యాకరణ సూత్రం వల్లెవేయడం, తెలుగులో అర్థం రాసుకోవడం. అందుకే మంచి మార్కులు వచ్చిన విద్యార్థి కూడా మాట్లాడేటప్పుడు ‘వై ఆర్ యు లేట్?’ అనడానికి బదులు ‘వై యు ఆర్ లేట్?’ అంటాడు. సూత్రం అతనికి తెలుసు; ఆ వరుసే చెవికి అలవాటు కాలేదు. పదక్రమమూ నుడికారమూ ముందు చెవికి పట్టుబడాలనీ, అందుకు కావలసిన సామగ్రి విజయవాడలోనే ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

విభక్తి, స్థానం

తెలుగులో పదం పని చెప్పేది ప్రధానంగా విభక్తి. ‘రవి సీతకు పుస్తకం ఇచ్చాడు’ అన్నా, ‘పుస్తకం సీతకు రవి ఇచ్చాడు’ అన్నా ఇచ్చినవాడు రవే. ఇంగ్లీషులో ‘రవి సా సీత’, ‘సీత సా రవి’ రెండు వేర్వేరు సంగతులు. చూసింది ఎవరో స్థానమే తేలుస్తుంది. తెలుగు శ్రోత క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగుతాడు. ఇంగ్లీషులో అది కర్త వెనకే వచ్చి వెళ్లిపోతుంది. పైగా ‘ఆఫ్’, ‘టు’, ‘హ్యావ్’ వంటి చిన్న మాటలు ఊనిక లేక పక్క మాటల్లో కలిసిపోతాయి. చెవి పట్టుకోని ఆ మాటలు రాతలోనూ జారిపోతాయి.

రైల్వే ప్రకటన ఒక పాఠంగా

విజయవాడ జంక్షన్‌లో ఒకే సమాచారం తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో వినిపిస్తుంది. తెలుగు ప్రకటన ప్లాట్‌ఫారం నంబరు ముందు చెప్పి, బండి వస్తుందన్న క్రియతో ముగుస్తుంది. ఇంగ్లీషులో ‘విల్ అరైవ్’ ముందు వస్తుంది, నంబరు తరవాత వస్తుంది. ‘విజయవాడ నుండి’ అక్కడ ‘ఫ్రమ్ విజయవాడ’ అవుతుంది. విషయం అప్పటికే తెలుసు కనుక శ్రోత దృష్టి వరుస మీద నిలుస్తుంది. ‘రన్నింగ్ లేట్’ అన్న పలుకుబడి కూడా ఇక్కడే బోధపడుతుంది. ‘రన్’ అంటే పరుగెత్తడమని మాత్రమే తెలిసినవాడికి, ఎదురుచూస్తున్న బండి ఇంకా రాకపోవడమే దాని అర్థం చెబుతుంది.

నుడికారం, పదక్రమం విడిగా లేవు

నారు పోసే వేళ రైతు ‘మాకు విత్తనాలు అయిపోయాయి’ అంటాడు. తెలుగులో కర్త విత్తనాలు. ఇంగ్లీషులో ‘వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ సీడ్స్’, కర్త మేము. ‘నాకు జలుబు చేసింది’ అన్నది ‘ఐ హ్యావ్ ఎ కోల్డ్’ అవుతుంది. నుడికారం మారితే వాక్యానికి కర్తే మారిపోతున్నాడు. కాబట్టి పలుకుబడులను జాబితాగా బట్టీపట్టించడం చాలదు. అవి పూర్తి వాక్యాలుగా, సందర్భంతో వినిపించాలి.

రేడియో నేర్పిన పద్ధతి

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ప్రాథమిక పాఠశాలల కోసం ప్రసారమైన ‘విందాం నేర్చుకుందాం’ రేడియోను తరగతి గదిలోకి తెచ్చింది. కెన్యాలో 1980–85 మధ్య చిన్న తరగతులకు రేడియోలో ఇంగ్లీషు నేర్పిన ప్రయోగంలో ప్రశ్న తరవాత విరామం ఉండేది. పిల్లలు ఆ విరామంలో పైకి జవాబు చెప్పేవారు. వినడం అభ్యాసంగా మారేది ఆ విరామంలోనే.

ఈ విరామ పద్ధతిని మన బడులకు ఇలా మలచుకోవచ్చు. రెండు నిమిషాల సంభాషణ మొదటిసారి విన్నాక ఎవరు, ఏం చేశారు అన్నది మాత్రమే చెప్పించాలి. రెండోసారి చిన్న మాటలను పట్టించాలి. మూడోసారి క్రియ దగ్గర ఆపి, తరవాత ఏం రావచ్చో ఊహింపజేయాలి. ఆ తరవాత అదే వరుసలో తమ ఊరి సంగతి, కాలువ నీళ్లో పంట కోతో, చెప్పించాలి. అచ్చు పాఠం చివరనే చూపాలి.

ముగింపు

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు శిక్షణ చేపట్టడంతో వినికిడికి పరీక్షలోనూ చోటు దక్కింది. పరీక్ష నైపుణ్యాన్ని కొలవగలదు, పెంచలేదు. ఇంట్లో ఇంగ్లీషు వినే అవకాశం లేని దివిసీమ పిల్లవాడికి ఆ భాష వినిపించే చోటు బడి ఒక్కటే. రోజూ ఒక పీరియడులో పావుగంట వినడానికి, విన్నది పలకడానికి కేటాయించడం ఆ బిడ్డకు మనం చేయవలసిన కనీస న్యాయం.