ఊరి నీటి లెక్క

అక్టోబరు పొద్దు. అనంతపురం జిల్లాలో ఒక పల్లె. బోరు చుట్టూ జనం మూగి ఉన్నారు, మీరు వాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తున్నారు. నడివయసు రైతు ఒకరు కేసింగు పైపులోకి టేపు వదులుతున్నారు. కింద నీళ్లు తగలగానే చేతిలోని టేపు చుట్ట కీచుమని మోగింది. ఆయన అంకె చదివారు, పక్కన గట్టు మీద కూర్చున్నావిడ పుస్తకంలో రాసుకుంది. "పోయినసారికన్నా దిగిందప్పా" అన్నారెవరో.

మోటారు వేశారు. పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము, ఒక కుర్రాడి చేతిలో గడియారం. 80 సెకన్లకు నిండింది. సెకనుకు రెండున్నర లీటర్లు. ఏడు గంటలు కరెంటు ఉంటే 63 వేల లీటర్లు. ఎకరంలో రెండంగుళాల నీళ్లు నిలవాలంటే రెండు లక్షల లీటర్లు కావాలి. అంటే ఒక్క తడికి మూడు రోజులు దాటుతుంది. గట్టు మీద నిలబడి నోటితోనే గుణించుకున్నారు ఈ లెక్కను. నిపుణుడు వచ్చి బోర్డు మీద రాసిపోయి ఉంటే దీన్ని ఇంత సేపు ఎవరూ తిరగేసి మరగేసి చూసేవారు కారు.

2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులు తమ భూగర్భజలాన్ని ఇలాగే కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్ల నీటిమట్టం, రోజూ వాన. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలు తాగేదెంత అని లెక్క తీసేవారు. ఫలానా పంట వేయొద్దని ఎవరినీ ఆదేశించలేదు. నా దృష్టిలో ఆ పని గొప్పతనం అక్కడే ఉంది: కొలిచినవాళ్లే ఆ అంకెను బట్టి ఏం చేయాలో తేల్చుకున్నారు.

ఇక మన పల్లె రచ్చకట్ట దగ్గరికి రండి. నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేస్తున్నారు. చెరువు, వాగు, చీనీ తోటలు చకచకా వచ్చేశాయి. బోర్ల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి. బోరుకు గుర్తుగా పెట్టాల్సిన గులకరాయి పట్టుకున్న పెద్దాయన, పట్నం నుంచి వచ్చిన పరిశోధకురాలి వైపు చూశారు.

"ఈ లెక్క కరెంటోళ్లకు పోతాదామ్మా?"

ఆమె వెంటనే భరోసా ఇచ్చేయలేదు. పుస్తకం ఊళ్లోనే ఉంటుందనీ, తాను రాసుకునే దాంట్లో ఎవరి పేరూ, సర్వే నంబరూ ఉండవనీ, రాసింది అచ్చుకు ముందు ఇక్కడే చదివి వినిపిస్తాననీ చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి రెండు రాళ్లు పెట్టారు. తర్వాత ఇంకొకరు మూడు. అయినా కొందరు లేచి వెళ్లిపోయారు. వాళ్ల పొలాలు పటంలో ఖాళీగానే ఉన్నాయి. వాటిని ఊహించి నింపకుండా ఉండడానికి ఓపిక కావాలి. ప్రాజెక్టు గడువులు ఆ ఓపికకు చోటివ్వవు.

గోడకు అంటించిన చార్టు మీద లెక్క తేలింది: అనుకున్న పంటలన్నీ వేస్తే నీళ్లు చాలవు. శనక్కాయ కన్నా వరి రెట్టింపు పైగా నీళ్లు తాగుతుంది కాబట్టి మాట అటే మళ్లింది. బోర్లున్నవాళ్లే మాట్లాడుతున్నారు. కూలికి పోయిన ఆడవాళ్లు పొద్దు వాలాక వచ్చి అంచున కూర్చున్నారు. వాళ్లలో ఒకామె లేచింది.

"వరి తగ్గిస్తారు, సరే సార్. నాట్లు లేకుంటే మా కూలి ఏమైతాది?"

చార్టులో దానికి గడి లేదు. ఎకరాలున్నాయి, మిల్లీమీటర్లున్నాయి. బోరు లేనివాళ్ల బతుకు నీటిమట్టంలో కనబడదు.

పరిశోధకురాలు స్కెచ్ పెన్ను ఆమెకే అందించింది. రాయడం రాదందామె. పక్కనున్న పిల్ల తీసుకుని అంచున నిలువు గీత గీసింది, పైన 'కూలి దినాలు' అని రాసింది. నాటుకు ఎంతమంది, కలుపుకు ఎంతమంది, శనక్కాయ పీకడానికి ఎంతమంది అని ఆడవాళ్లు ఒకరి మాట ఒకరు సరిదిద్దుతూ చెబుతున్నారు. వచ్చే సమావేశం కూలి పని అయ్యాకే పెట్టాలని పట్టుబట్టారు. కొందరు మగవాళ్లు విసుక్కున్నా, రాత్రి ఏడుకే ఖాయమైంది.