దమ్ముల్ అఖ్వైన్: ఒక పేరు, మూడు చెట్లు

కోయిలకుంట్ల వైపు చేలలో కొడవలి గీసుకుని నెత్తురు కారితే మనిషి మొదట వెతికేది గడ్డి చామంతి ఆకునే. దానిని నలిపి, ఆ ముద్దను గాయం మీద అదిమిపెడతారు. ఇది తాతలనాటి వైద్యమంటారు గాని, ఆ మొక్క ఉష్ణమండల అమెరికా నుండి వచ్చినది. కనుక ప్రాచీన అరబ్బీ వైద్య గ్రంథాలలో దాని ఊసు ఉండే వీలు లేదు. రక్తస్తంభనానికి ఆ గ్రంథాలు చెప్పిన మందులలో పేరెన్నికగన్నది దమ్ముల్ అఖ్వైన్.

ఈ మాటకు ‘సోదరులిద్దరి రక్తం’ అని అర్థం. హాబీల్, ఖాబీల్‌ల నెత్తురు చిందిన చోట ఆ చెట్టు మొలిచిందని జనశ్రుతి. కథ ఎట్లున్నా, వస్తువు మాత్రం యెమెన్‌కు చెందిన సుఖుత్రా ద్వీపంలోని ఒక చెట్టు కాండం నుండి కారి గడ్డకట్టే ఎర్రని జిగురు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథం ‘పెరిప్లస్’, ఆ దీవిలో చెట్ల నుండి బొట్లు బొట్లుగా సేకరించే ఎర్రని సరుకును పేర్కొంటూ, దానిని ‘భారతీయం’ అనడం విచిత్రం. పేర్ల గందరగోళం అంత పాతది! 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ రెండవ భాగంలో, ఈ జిగురు రక్తాన్ని నిలుపుతుందనీ పచ్చి గాయాన్ని అతుకుతుందనీ చెప్పాడు. చీనా వైద్యులు ‘శ్వేజియే’ పేరుతో వాడినదీ ఇటువంటి ఎర్ర జిగురే. అయితే అది సుమత్రా వంటి దీవులలో పెరిగే పేము జాతి తీగ కాయల మీద ఊరేది.

ఇక మన దేశం సంగతి. ఇక్కడి యునానీ ఔషధ గ్రంథాలలో దమ్ముల్ అఖ్వైన్ అన్న పేరు కింద వేగిస చెట్టు బంక కూడా కనిపిస్తుంది. కోయిలకుంట్లకు తూర్పున ఉన్న నల్లమలలో పెరిగే చెట్టే ఇది. బెరడుకు గాటు పెడితే నెత్తురు వంటి రసం కారి ఎండుతుంది. దీనికి శాస్త్రీయ నామం పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. తరువాత ఈ బంక ‘కినో’ పేరుతో బ్రిటిష్ ఫార్మకోపియాలోనూ చేరింది. ఇందులోని టానిన్లు మాంసకృత్తులను గడ్డకట్టించి, గాయం నోటిని బిగిస్తాయి. అంటే వేగిస బంక పనికిరానిదేమీ కాదు.

ఒక మందు దొరకనప్పుడు దాని ‘బదల్’ చెప్పడం హకీముల సంప్రదాయమే. బదల్‌ను బదల్‌గా చెప్పినంత కాలం అందులో దోషం లేదు. పేరు కూడా ఒకటే అయినప్పుడే చిక్కు: గ్రంథంలో చదివే గుణం ఒక చెట్టుది, రోగి గాయానికి చేరేది మరొక చెట్టుది. మోతాదు కూడా దానితోపాటే తారుమారు కావచ్చు.

అంగడిలో కొన్న ముక్క ఏదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. వేడి నీళ్ళలో వేస్తే వేగిస బంక చాలావరకు కరిగి నీళ్ళు ఎర్రబారతాయి, రుచి వగరు. సుఖుత్రా జిగురు నీటిలో కరగదు, సారాయంలో కరుగుతుంది.