ఉన్నత పాఠశాలలలో జీవశాస్త్ర బోధన: అపేక్షయు ఆచరణయు

ఉన్నత పాఠశాలయందలి జీవశాస్త్ర తరగతినుండి సంఘము ఏమి కోరినది? ఆ కోరిక నెరవేరుటకు విద్యాధికారులు ఏ విధానములను ఏర్పరచిరి? ఈ రెంటి నడుమ తెలుగు భాష వహించిన పాత్ర యేది? ఈ మూడు ప్రశ్నలను చారిత్రక క్రమమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇది శాస్త్రజ్ఞులు చర్చింపవలసిన విషయము, తెలుగు శాఖవారికి దీనితో నేమి పని యని కొందరు సందేహింపవచ్చును. కాని జీవశాస్త్రమున చూచుట యెంత ముఖ్యమో, చూచినదానికి పేరు పెట్టుటయు అంత ముఖ్యము. పేరునకును వస్తువునకును గల సంబంధము భాషావిషయము. కావున ఈ చర్చలో మాకును కొంత భాగము కలదని తలంచుచున్నాము.

తెలుగుదేశమున వృక్షముల శాస్త్రీయ పరిశీలనము ఉన్నత పాఠశాలలకంటె ముందే ఆరంభమైనది. తూర్పు ఇండియా సంఘమువారి వైద్యుడైన విలియం రాక్స్‌బరో 1781లో నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటకు వచ్చెను. 1793లో కలకత్తా వృక్షవనమునకు అధికారిగా వెళ్ళువరకు ఆయన ఈ ప్రాంతపు మొక్కలను సేకరించి, వర్ణించి, దేశీయ చిత్రకారులచే పటములు గీయించెను. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చిన ఆయన గ్రంథము 1795 మొదలుకొని లండనులో సంపుటములుగా వెలువడినది. అందు 300 చిత్రపటములు కలవు. మా విషయమునకు ముఖ్యమైన దేమనగా, ఆయన మొక్కల తెలుగు పేర్లనుకూడ నమోదు చేసెను. జ్వరమునకు మందుగా వాడు బెరడు గల సోమిద వృక్షము ఇందుకు మంచి నిదర్శనము. ఆ వృక్షమునకు తరువాత ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచినపుడు దాని శాస్త్రీయనామము ‘సోయ్‌మిడా’ అయ్యెను. తెలుగు పేరే లాటిను వేషము ధరించి ప్రపంచ శాస్త్రమున నిలిచినది. ఇచ్చట పేరు వస్తువును విడిచి రాలేదు. చెట్టును చూపినవారే దాని పేరును చెప్పిరి.

ఇక బోధనా పద్ధతి. నేడు మనము ప్రయోగశాల తరగతి యని వ్యవహరించుదానికి ఒక నిశ్చితరూపము కల్పించినవారిలో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు థామస్ హెన్రీ హక్స్‌లీ ముఖ్యుడు. 1870 దశకమున ఆయన లండనులోని దక్షిణ కెన్సింగ్టనులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. హెన్రీ న్యూవెల్ మార్టినుతో కలిసి 1875లో ప్రాథమిక జీవశాస్త్ర ప్రయోగపాఠములను ప్రకటించెను. ఆ పద్ధతి మిక్కిలి సరళమైనది. పెక్కు జీవులనుగూర్చి కొంచెము కొంచెము వినుటకంటె కొన్ని జీవులను సమగ్రముగా చూచుట మేలు. కావున కిణ్వము, అమీబా, హైడ్రా, చిక్కుడు మొక్క, కప్ప మొదలగు కొలదిపాటి జీవులు ఎన్నుకొనబడినవి. ఉపన్యాసమున విన్న ప్రతి విషయమును విద్యార్థి బల్లమీద తానే సరిచూచుకొనవలెను. ‘గురువు చెప్పినాడు కనుక’ అను మాటకు అచ్చట ప్రామాణ్యము లేదు. జీవశాస్త్ర తరగతినుండి కోరదగిన అపేక్ష ఇదియే యని మా యభిప్రాయము.

తెలుగున ఈ శాస్త్రమును పాఠకులకు అందింపవలెనను ప్రయత్నము పాఠశాల వెలుపలనే ఆరంభమైనది. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల పూనికతో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథములతోపాటు విజ్ఞానశాస్త్ర గ్రంథములను ప్రకటించినది. జీవశాస్త్రమునుగూర్చి వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి రచించెను. ఉన్నత విద్యయందు ఆంగ్లమే రాజ్య మేలుచున్న ఆ దినములలో ఈ గ్రంథముల పాఠకుడు పరీక్షార్థి కాడు, జిజ్ఞాసువు. కావున రచయిత పేరును చెప్పి విడువక, పాఠకుడు ఎరిగిన వస్తువును చూపి ఆ పేరును స్థాపింపవలసి వచ్చెను.

స్వాతంత్ర్యానంతరము పరిస్థితి మారినది. 1952–53 నాటి మాధ్యమిక విద్యాసంఘము పాఠశాల చదువును పరీక్షలు శాసించుచున్న తీరును తీవ్రముగా విమర్శించినది. 1964–66 నాటి కొఠారీ సంఘము మొదటి పది సంవత్సరముల విద్యలో విజ్ఞానశాస్త్రమును గణితమును విద్యార్థులందరికి నిర్బంధము చేయవలెనని సూచించినది. ఇది గొప్ప నిర్ణయము. అంతవరకు కొందరికే దక్కిన శాస్త్రము అందరి హక్కుగా పరిగణింపబడినది. కాని విస్తరణముతో ఒక చిక్కు వచ్చినది. పాఠ్యపుస్తకము ప్రతి గ్రామమునకు చేరగలదు. సూక్ష్మదర్శిని అంత సులభముగా చేరదు. లక్షలమందికి ఏకకాలమున జరుపు బహిరంగ పరీక్షలో వ్రాత పత్రము చెల్లును, పువ్వు చెల్లదు. అందుచే చూచుట అను అపేక్ష ప్రణాళికలో నిలిచినది. ఆచరణలో మాత్రము నిర్వచనమును వ్రాయుట, పటము గీసి భాగములను గుర్తించుట అనునవి దాని స్థానమును ఆక్రమించినవి.

దీని ఫలితమును మేము స్వయముగా అనుభవించితిమి. ఉన్నత పాఠశాలలో చదువు దినములలో ఉమ్మెత్త పుష్పపు నిలువుకోతను రికార్డు పుస్తకమున చక్కగా గీచి మెప్పు పొందితిమి. ఆ బొమ్మను పై తరగతివాని రికార్డునుండి దించుకొంటిమి. అతడు మరియొకని రికార్డునుండి దించుకొనెను. పాఠశాల ప్రహరి ప్రక్కనే ఉమ్మెత్త మొక్కలు విరివిగా నుండెను. వానిలో ఒక పువ్వునైన కోసి విప్పి చూడవలెనని మాకు తోచలేదు, చూడుమని చెప్పినవారును లేరు.

ఇచ్చట పరిభాషను పరిశీలింపవలసియున్నది. పుష్పభాగములకు హిందీ పాఠ్యపుస్తకములు బాహ్యదలపుంజము, దలపుంజము అను మాటలను గ్రహించినవి. తెలుగు పుస్తకములు రక్షకపత్రావళి, ఆకర్షణపత్రావళి అని వ్యవహరించినవి. రెండును సంస్కృత పదములే. కాని హిందీ పదము భాగముయొక్క స్థానమును చెప్పుచున్నది. తెలుగు పదము దాని పనిని చెప్పుచున్నది. మొగ్గను కాపాడునది రక్షకము, కీటకములను పిలుచునది ఆకర్షకము. రక్షణ, ఆకర్షణ అను మాటలు తెలుగు బాలునికి క్రొత్తవి కావు. కావున ఈ పేర్లు తామే సగము పాఠము చెప్పును. ఇట్లే ‘కిరణజన్యసంయోగక్రియ’ యను దీర్ఘపదమును విడదీసి చూపినచో అది భయపెట్టక బోధించును. మన పరిభాషాకర్తల వివేకమునకు ఇది నిదర్శనము.

అయినను పనిని చెప్పు పేరునకు ఒక ప్రమాదము కలదు. కాగితపు పూల తీగెను చూడుడు. ఎఱ్ఱగానో ఊదాగానో కనిపించు ఆ రేకులు పుష్పపు ఆకర్షణపత్రములు కావు. పుష్పమును ఆశ్రయించియున్న పుచ్ఛములు, అనగా రూపాంతరము చెందిన ఆకులు. నిజమైన పుష్పము వాని నడుమ సన్నని గొట్టమువలె ఉండును. పదమును మాత్రమే నేర్చిన విద్యార్థి రంగును చూచి తప్పక పొరపడును. తీగెనుండి ఒక గుత్తిని త్రుంచి విప్పినవాడు పొరపడడు. మందారమును విప్పినను ఇట్టి పాఠమే దొరకును. పుష్పమునకు వలయములు నాలుగని పుస్తకము చెప్పగా, రక్షకపత్రావళికి వెలుపల మరియొక సన్నని వరుస కంటబడును. ఆ క్షణమున విద్యార్థి అడుగు ప్రశ్నయే జీవశాస్త్రమునకు ఆరంభము.

జంతువుల విషయమున విధానము మరియొక దారిని నడచినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, ఇతర సాధనములు సరిపోవుచోట జంతువులపై ప్రయోగములను పరిహరింపవలెనని సూచించినది. 2014లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము కళాశాలల జంతుశాస్త్ర తరగతులలో జంతువులను కోయుటను మాన్పించినది. జీవమునుగూర్చి చెప్పు శాస్త్రము జీవమునెడల దయ నేర్పుట ఉచితమే. ఈ మార్పును మేము ఆక్షేపింపము. కాని కత్తిని తీసివేయుటతో కంటిని కూడ మూయరాదు. చీమలబారును, వానపాము నడకను, చెరువులో కప్పపిల్ల పెరుగుదలను చూచుటకు ఏ జీవిని చంపవలసిన పని లేదు.

2011లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము క్రొత్త విద్యా ప్రణాళికను రూపొందించినది. దాని ననుసరించి వెలువడిన జీవశాస్త్ర పాఠ్యపుస్తకములు విషయావగాహనతోపాటు ప్రశ్నించుట, ప్రయోగము, క్షేత్రపరిశీలనము, సమాచార సేకరణము, చిత్రలేఖనము, జీవకోటియెడల ఆదరము, నిత్యజీవిత వినియోగము అనువానిని విద్యాప్రమాణములుగా పేర్కొన్నవి. హక్స్‌లీ కోరినది ఇందు చాలవరకు కలదు. కావున మనకు కొదువ అపేక్షలో లేదు, దాని నడుగు తీరులో కలదు. వ్రాత పత్రము అడుగనిదానిని తరగతియు అడుగకుండుట చిరకాలపు అలవాటైనది.

ఈ అలవాటును మార్చుటకు క్రొత్త సంఘము ఏర్పడనక్కరలేదు. పుష్పమునుగూర్చిన పాఠమునాడు ప్రతి విద్యార్థి చేతిలో ఒక పువ్వు ఉండవలెను. దానికి అతని ఇంటిలో వాడు పేరును ముందుగా అడుగవలెను. పుస్తకములోని పేరును తరువాత చెప్పవలెను. రికార్డులోని బొమ్మ ఆ పువ్వును చూచి గీచినదై యుండవలెను, వంకరయైనను సరే. రెండు శతాబ్దములకు పూర్వము సోమిద చెట్టును చూపి దాని పేరు చెప్పినవారు ఏ పరీక్షయందును ఉత్తీర్ణులు కారు. చెట్టును పేరును ఒక్కటిగా ఎరిగియుండిరి. ఆ ఎరుకను మన పిల్లలకు మరల అందించుటలో శాస్త్రోపాధ్యాయునితోపాటు తెలుగు ఉపాధ్యాయునికిని బాధ్యత కలదని మా విన్నపము.