ఫొటో ఎక్కడ అరిగింది? జేపెగ్ పుట్టుపూర్వోత్తరాలు

పెళ్లి ఆల్బమ్‌లో పట్టుచీర జరీ అలికేసినట్టు వచ్చినా, ఫ్లెక్సీ మీద ముఖం చుట్టూ సన్నటి గళ్లు కనిపించినా ముందు ప్రింటింగ్ మెషీన్‌నే తిడతాం. చాలాసార్లు ఆ నష్టం ఫొటో ప్రెస్సుకు చేరకముందే జరిగిపోయి ఉంటుంది. దాని మూలం తెలియాలంటే 1972 నాటి అమెరికాకు, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాలి.

అక్కడి ప్రొఫెసర్ నసీర్ అహ్మద్‌ది బెంగళూరు. బొమ్మను కొసైన్ తరంగాలుగా విడదీస్తే కాసిని అంకెల్లో ఇమిడిపోతుందని ఆయన ఆలోచన. నిధులడిగితే, ఇది మరీ సులువుగా ఉందంటూ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కాదంది. ఆయన వదల్లేదు. శిష్యుడు టి. నటరాజన్‌తో, టెక్సస్‌లో పాఠాలు చెప్పే కె.ఆర్. రావుతో కలిసి 1974 జనవరిలో నాలుగు పేజీల వ్యాసం ప్రచురించారు. ఈ రావుగారు కామిశెట్టి రామమోహనరావు, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవారు.

1986లో టెలిఫోన్ రంగం వాళ్లు, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వాళ్లు కలిసి జేపెగ్ అనే బృందంగా ఏర్పడ్డారు. వాళ్ల ముందున్నది సెకనుకు 64 వేల బిట్లు మోసే టెలిఫోన్ లైను. 6×4 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన దాదాపు 65 లక్షల బైట్లు కావాలి. దాన్ని యథాతథంగా ఆ లైనులో పంపితే పదమూడున్నర నిమిషాలు పడుతుంది. పోటీకి వచ్చిన పద్ధతుల్లోంచి అహ్మద్ బృందం గణితం మీద ఆధారపడ్డదాన్నే ఎంచుకున్నారు. 1992లో అది ఆ బృందం పేరుతోనే ప్రమాణమైంది.

ఇక అరుగుదల సంగతి. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 విలువల్ని మరో 64 అంకెలుగా మారుస్తుంది. మొదటిది ఆ గడి సగటు వెలుతురు, మిగతా 63 క్రమంగా సన్నబడే వివరాలు. ఇంతవరకూ పోయేదేమీ లేదనే చెప్పాలి. తర్వాత ఒక్కో అంకెనూ ఒక పట్టికలో దానికి కేటాయించిన సంఖ్యతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది. ప్రమాణంలో నమూనాగా ఇచ్చిన పట్టికలో మొదటి సంఖ్య 16, చివరిది 99. మొదట 83 ఉంటే, భాగిస్తే 5, తిరిగి గుణిస్తే 80. పెద్ద తేడా లేదు. చివర 40 ఉంటే మాత్రం నేరుగా సున్నా. జరీ పోగు, కనురెప్ప వెంట్రుక ఉండేది సరిగ్గా ఆ చివరి అంకెల్లోనే. సన్నని వివరాన్ని కన్ను అంతగా పట్టించుకోదన్న నమ్మకంతో, తెలిసి చేసిన త్యాగమిది. చిన్న తెరమీద ఆ నమ్మకం నిలుస్తుంది, పెద్ద ప్రింటులో బయటపడుతుంది.

ప్రెస్సు వాళ్ల అవసరం వేరు. 1986లోనే ఆల్డస్ కంపెనీ స్కానర్ల కోసం టిఫ్ అనే ఫైలు రకాన్ని తెచ్చింది. అందులో వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపులో ఒక్క పిక్సెల్ కూడా మారదు. ఫైలు మాత్రం బరువు.

జేపెగ్‌ని ఎన్నిసార్లు తెరిచి చూసినా అరగదు. కత్తిరించి, సైజు మార్చి, మళ్లీ జేపెగ్‌గానే సేవ్ చేస్తే గళ్లు కొత్తచోట పడి, సవరింపు మళ్లీ మొదలవుతుంది. అందుకే కెమెరా నుంచి రాగానే ఒక్కసారి టిఫ్‌గా మార్చి, మార్పులన్నీ దానిమీదే చేయాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి. అరిగిపోయిన జేపెగ్‌ని చివర్లో టిఫ్ చేస్తే ఫైలు బరువెక్కుతుందే గానీ, సున్నా అయిన 40 తిరిగి రాదు.