లూటీ, లూట్, కొల్ల

సింగపూర్‌లో బిషాన్ ఎమ్మార్టీ స్టేషన్ పక్కనున్న జంక్షన్ 8 మాల్‌లో ఏ తెలుగు కుర్రాడో ఫోన్ చూస్తూ "మంచి లూట్ పడిందిరా" అంటే ఉలిక్కిపడకండి. హిందీ ‘లూట్’ మనకు లూటీ అయింది. కంపెనీ దొరల నోట పద్దెనిమిదో శతాబ్దం చివరికల్లా ఇంగ్లీషులో చేరింది. వీడియో గేముల్లోకి వెళ్లాక నేరం వదిలించుకుంది. రాక్షసుణ్ణి చంపితే రాలిపడే కత్తి, కవచం, ఉంగరం, అదే లూట్. (బిషాన్ పాత చైనా శ్మశానం మీద లేచిన పేట. శవాలు లేచొచ్చే డయాబ్లో గేమ్ ఆడటానికి తగిన చోటే.)

2012 మే 15న వచ్చిన డయాబ్లో 3ని విమర్శకులు మెచ్చారు, ఆటగాళ్లు దుమ్మెత్తిపోశారు. మొదటిరోజే ‘ఎర్రర్ 37’ అంటూ సర్వర్లు మొరాయించాయి. అది సరే, అసలు కడుపుమంట ఆటలోని వేలంశాల మీద. మంచి కత్తి రాక్షసుడి దగ్గర రాలదు, నిజం డబ్బు పెడితే వేలంలో దొరుకుతుంది. ఇక చంపడం దేనికి? 2014లో ఆ గేమ్ తయారుచేసిన బ్లిజార్డ్ లూట్ పద్ధతిని ఉదారంగా మార్చి, మార్చి 18న వేలంశాలను మూసేసింది.

మన పాత మాట కొల్ల. కొల్లగొట్టడం దోపిడీ, కొల్లలుగా అంటే సమృద్ధిగా. ఆటగాళ్లు అడిగింది ఈ రెండోదే. గేముల్లో లూట్‌కి ‘కొల్ల’ను మించిన తెలుగు నాకు తోచదు.