అశోకుడి పేరు, బంగారు గుంతలు: హట్టి నుంచి జొన్నగిరి దాకా

దక్కను బంగారం అనగానే అందరికీ కోలారే గుర్తొస్తుంది. రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టిని తెలుగు పరిశోధన దాదాపు మరిచిపోయింది. 1956 దాకా మన తెలంగాణ, ఆ హట్టి ఒకే హైదరాబాదు రాజ్యంలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో హట్టి నేటి కర్ణాటకకు వెళ్లింది, దానితోపాటు హైదరాబాదు చరిత్రలోని ఒక ముఖ్యమైన అధ్యాయమూ మన చేయి జారింది.

1886లో నిజాం ప్రభుత్వం నుంచి ఖనిజ హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ పేరు చెబితే మనకు సింగరేణి బొగ్గే తెలుసు. పడమటి జిల్లాల బంగారం మీదా దానికి హక్కులుండేవి. ఆ కాలపు ఇంజనీర్లు బంగారం జాడ పట్టిన తీరు గమనించాలి. వాళ్లు ముందుగా వెతికింది పాతకాలపు గుంతల్ని. గుంత ఉన్నచోట కింద ఖనిజం ఉన్నట్టే లెక్క. అంటే అసలు అన్వేషణ శతాబ్దాల కిందటే పేరు తెలియని పనివాళ్లు పూర్తిచేసి పెట్టారు. కంపెనీల చరిత్రల్లో వాళ్లకు చోటు దక్కకపోవడం అన్యాయం.

వాళ్ల పనితనం సామాన్యమైనది కాదు. హట్టిలో పాత తవ్వకాలు 640 అడుగుల లోతుకు దిగాయి. పలుగురాయి చార మీద కట్టెలు పేర్చి నిప్పు పెట్టేవారు. రాయి బాగా కాలాక నీళ్లు చల్లితే పగుళ్లు వచ్చేవి. అప్పుడు ఇనుప పనిముట్లతో పెళ్లగించి, పైకి మోసుకొచ్చి, బండల మీద పొడిచేసి, నీళ్లలో కడిగి బంగారు రేణువులు తీసేవారు. అంత లోతులో పొగ నిండిన ఇరుకులో ఒక మనిషి ఎంతసేపు నిలబడగలడు? ఎంతమంది ప్రాణాలు అక్కడే పోయాయో ఏ శాసనమూ చెప్పదు. ఆ గుంతల్లో దొరికిన కలపను రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే, అది ఇంచుమించు రెండు వేల ఏళ్ల నాటిదని తేలింది. రేమండ్ ఆల్చిన్ 1962లో ప్రాచీన భారత బంగారు గనులపై రాసిన వ్యాసం ఈ విషయంలో నేటికీ చదవదగ్గది.

హట్టికి దగ్గర్లోని మస్కిలో 1915లో బీడన్ అనే గని ఇంజనీరు బంగారం వెతుకుతూ ఒక శాసనాన్ని చూశాడు. అంతవరకూ దొరికిన శాసనాల్లో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే ఉండేవి. మస్కి రాయి మీద అశోకుడి పేరే కనిపించింది. హెచ్. కృష్ణశాస్త్రి అదే ఏడాది దాన్ని పరిష్కరించి హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో ప్రకటించారు. 1920ల చివర్లో కర్నూలు జిల్లా ఎర్రగుడి అశోక శాసనాల్ని వెలుగులోకి తెచ్చిన అనూ ఘోష్ కూడా భూగర్భ శాస్త్రవేత్తే. ఎర్రగుడికి చేరువలోనే జొన్నగిరి బంగారు నేల ఉంది.

అశోకుడిదే అయిన బ్రహ్మగిరి శాసనం సువర్ణగిరి నుంచి ఆర్యపుత్రుడు, మహామాత్రులు పంపిన ఆజ్ఞ. ఆ సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు, మస్కి పరిసరాల్లోదని మరికొందరు అంటారు. జొన్నగిరి వాదానికి బలం ఉంది గానీ పేరు పోలికతోనే తీర్పు చెప్పకూడదు. హట్టి కలప కాలం కూడా మౌర్యుల తరువాతిదే. మౌర్యులు బంగారం కోసమే దక్షిణాదిలో పాలనా కేంద్రం పెట్టారని గట్టిగా చెప్పాలంటే గుంతల్లోంచే సాక్ష్యం రావాలి.

జొన్నగిరిలో ఇప్పుడు ఒక ప్రైవేటు సంస్థ మళ్లీ బంగారం తవ్వకానికి దిగింది. యంత్రం దిగకముందే ప్రతి పాత గుంతనూ కొలిచి, పటం గీసి, లోపలి బొగ్గును, కలపను భద్రపరచాలన్న షరతు తవ్వకపు అనుమతిలోనే ఉండాలి.