పేరు ఒకటే.. చేపలు వేరు
మాకరెల్ కొనుగోలులో తికమక

అమీర్‌పేట: మాకరెల్ అనే ఆంగ్ల నామం ఒక్క చేపకే పరిమితం కాదు. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల వసతిగృహాల్లో నివసించే కోస్తా జిల్లాల విద్యార్థులకు సుపరిచితమైన కానాగంత ఈ పేరుతోనే చలామణి అవుతోంది. ఖరీదైన వంజరానికీ, మరికొన్ని సంబంధం లేని చేపలకూ ఇదే పేరు ఉంది. ధర, రుచి, ఆరోగ్యం దృష్ట్యా వీటి మధ్య తేడా తెలుసుకోవడం అవసరం.

ప్రపంచానికి తెలుగు పేరు

కానాగంత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానాగుర్త. ఇందులో రెండో పదం మన తీరానిదే. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన 200 చేపల చిత్రాలు, వివరాలతో 1803లో గ్రంథం ప్రచురించారు. అందులో స్థానిక మత్స్యకారులు పిలిచే పేర్లనూ నమోదు చేశారు. ఆ ఆధారంతోనే ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియర్ 1816లో ఈ చేపకు కానాగుర్త అని నామకరణం చేశారు. రక్తపింజరను ఆంగ్లంలో పిలిచేది ఈ రస్సెల్ పేరుతోనే.

ఇదే చేపను హిందీ, మరాఠీ వారు బంగడా అనీ, కేరళీయులు అయిల అనీ అంటారు.

గుర్తించడం ఇలా..

* కానాగంత: సాధారణంగా జానెడు పొడవుంటుంది. వీపు పక్కన నిలువునా సాగే సన్నని ముదురు చారలు, ఛాతీ రెక్క దగ్గర నల్లమచ్చ, తోక ముందు చిన్న చిన్న రెక్కలు ఉంటాయి. సముద్రంలోని సూక్ష్మజీవులే దీని ఆహారం.

* వంజరం, కోనెం: వీటిని స్పానిష్ మాకరెల్, కింగ్ మాకరెల్ అని వ్యవహరిస్తారు. హిందీలో సుర్మాయి. ఒక రకానికి ఒంటిపై అడ్డంగా వంకర చారలు, మరో రకానికి గుండ్రని మచ్చలు ఉంటాయి. పదునైన పళ్లున్న ఈ వేట చేపలను ముక్కలుగా కోసి అమ్ముతారు. ధర కానాగంత కంటే ఎంతో ఎక్కువ.

* హార్స్ మాకరెల్: ఇది పార చేపల కుటుంబానికి చెందినది. తోక వైపు పక్కలను తడిమితే గట్టి పలకల వరుస చేతికి తగులుతుంది.

* డబ్బాల్లో వచ్చే మాకరెల్: అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల్లోని వేరే జాతులు. కానాగంతకు దగ్గరి బంధువులే.

గర్భిణులకు గమనిక

పాదరసం ఎక్కువగా ఉన్నందున గర్భిణులు కింగ్ మాకరెల్ తినరాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది. అదే సంస్థ అట్లాంటిక్ మాకరెల్‌ను మేలైన చేపల జాబితాలో చేర్చింది. పెద్ద చేపలు చిన్నవాటిని తిని పెరుగుతాయి కనుక వాటి శరీరంలో పాదరసం పేరుకుంటుంది. కనుక మాకరెల్ అన్న ఒక్క మాట చూసి కానాగంతను దూరం పెట్టనక్కరలేదు.

మంచు తప్పనిసరి

నగరానికి సముద్రపు చేప వందల కిలోమీటర్లు ప్రయాణించి రావాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. కానాగంత, వంజరం వంటి చేపలను దారిలో తగినంత మంచులో ఉంచకుంటే వాటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం ఏర్పడుతుంది. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి, గుండెదడ కనిపిస్తాయి. ఎంత ఉడికించినా, మళ్లీ గడ్డకట్టించినా హిస్టమిన్ పోదు. కాబట్టి జాగ్రత్త కొనేటప్పుడే తీసుకోవాలి.

కళ్లు ఉబ్బెత్తుగా మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేచేలా ఉన్న చేపనే ఎంచుకోవాలి. ముక్కలుగా కొనేవారు కోయకముందు చేపను ఓసారి చూపించమని అడగడం మేలు. ఆంగ్ల నామంతో కాక కానాగంత, వంజరం అని తెలుగు పేరుతో అడిగితే తికమకకు తావుండదు.